ఆ ఏడాది నడవడానికి ఒక కొండబాట ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ శాఖ మంత్రులకు,



భార్యనో భర్తనో పోగొట్టుకున్న మనిషి కొన్ని గంటలు ఒంటరిగా కొండబాటలో నడిచి రావాలనుకుంటే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరకదు. ఊళ్ళో పార్కుల్లో వాకింగ్ ట్రాకులున్నాయి. శని, ఆదివారాల్లో బస్సు మాట్లాడుకుని బయల్దేరే ట్రెక్కింగ్ బృందాలున్నాయి. దేవుడి మెట్లదారులున్నాయి. దుఃఖంలో ఉన్న మనిషికి ఈ మూడింటిలో ఏదీ సరిపోదు. ఎందుకు సరిపోదో వివరించి, పట్టణాలకు దగ్గరగా ఉన్న కొన్ని అడవి బాటలను ఒంటరిగా నడిచేవారి కోసం ఒక పద్ధతి ప్రకారం తెరవమని కోరడానికే ఈ బహిరంగ లేఖ. పైకి ఇది విహారానికి సంబంధించిన కోరికలా కనిపించవచ్చు. దీని వెనక ప్రజారోగ్యం ఉంది, ఆడవాళ్ళ స్వేచ్ఛ ఉంది, మన ఆచారాలు పూరించకుండా వదిలేసిన ఒక ఖాళీ ఉంది.

తెలుగువాళ్ళకు కొండ నడక కొత్త కాదు. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 9 కిలోమీటర్ల దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు రోజూ వేలమంది ఎక్కుతారు. ఆషాఢ పౌర్ణమి వస్తే సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు ఉత్తరాంధ్ర అంతా కదులుతుంది. మహాశివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం చేరేవాళ్ళున్నారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళున్నారు. ఈ దారుల్లో జనం నడిచే రోజుల్లో తాగునీళ్ళుంటాయి, వైద్య శిబిరాలుంటాయి, పోలీసులుంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడ ఒక ఆడమనిషి ఒంటరిగా నడుస్తున్నా ఎందుకు నడుస్తున్నావని ఎవరూ అడగరు. మొక్కు ఉందంటే చాలు, దారి ఇస్తారు. అయితే ఇంట్లో మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా కొండ గుడికి వెళ్ళకూడదన్నది మనలో ఎన్నో కుటుంబాలు పాటించే నియమం. ఆ ఏడాది తిరుమల లేదు, అయ్యప్ప మాల లేదు, గిరి ప్రదక్షిణ లేదు. ఆ నియమాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. దాని ఫలితం ఒక్కటి గమనించమంటున్నాను. తెలుగునాట ఒంటరి మనిషి భయం లేకుండా నడవగల కొండదారులన్నీ దాదాపుగా దైవయాత్ర దారులే. ఎవరికి ఆ నడక అత్యవసరమో వారికి, సరిగ్గా ఆ ఏడాదే అవి మూసుకుపోతున్నాయి.

ఆ ఏడాది ఎంత గడ్డుదో వైద్యశాస్త్రం చాలా కాలంగా చెబుతోంది. జీవితంలో వచ్చే మార్పులు మనిషి మీద ఎంత ఒత్తిడి తెస్తాయో కొలవడానికి అమెరికా పరిశోధకులు హోమ్స్, రాహే 1967లో ఒక పట్టిక తయారుచేశారు. అందులో 100 పాయింట్లతో మొదటి స్థానం జీవిత భాగస్వామి మరణానిది. విడాకులు, జైలుశిక్ష, ఉద్యోగం పోవడం అన్నీ దాని తర్వాతే వస్తాయి. 1969లో కాలిన్ ముర్రే పార్క్స్, మరో ఇద్దరు కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. 55 ఏళ్ళు పైబడి భార్యను పోగొట్టుకున్న 4,486 మంది పురుషుల్ని తొమ్మిదేళ్ళపాటు గమనిస్తే, మొదటి ఆరు నెలల్లో వారి మరణాల రేటు అదే వయసులో ఉన్న వివాహితుల కన్నా 40 శాతం ఎక్కువగా ఉంది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం గుండెజబ్బులదే. ఆరు నెలల తర్వాత అది క్రమంగా తగ్గుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ తాజా కూర్పులో, నెలల తరబడి తగ్గకుండా జీవితాన్ని స్తంభింపజేసే శోకాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చేర్చారు. చాలామంది ఆ స్థితికి చేరకుండానే క్రమంగా కోలుకుంటారు. కానీ కోలుకోవడానికి చోటు, తీరిక, శరీరానికి కదలిక కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో భర్త పోయిన ఆడవాళ్ళే 4 కోట్లకు పైగా ఉన్నారు. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న మనుషుల అవసరాన్ని ఇంటి గుట్టుగా వదిలేయడం ప్రభుత్వాలకు తగదు.

నడక ఈ విషయంలో ఏం చేయగలదు? శోకం గురించి ఇవాళ ఎక్కువగా ప్రస్తావించే సిద్ధాంతాల్లో ఒకదాన్ని 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ ప్రతిపాదించారు. దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారిని తలుచుకుని బాధపడటమూ కావాలి, కాసేపు ఆ బాధ నుంచి పక్కకు వచ్చి బతుకు పనులు చూసుకోవడమూ కావాలి. ఊపిరి లోపలికీ బయటికీ ఆడినట్టు ఈ రెండింటి మధ్యా మనసు అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. ఏదో ఒక వైపే చిక్కుకుపోతే కోలుకోవడం కష్టమవుతుంది. కొండబాట నడకలో ఈ రాకపోకలు వాటంతట అవే జరుగుతాయి. ఎగువకు ఎక్కేటప్పుడు రాయి చూసుకుని అడుగు వేయాలి, ఊపిరి కూడగట్టుకోవాలి, దారి గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు మనసుకు దుఃఖం నుంచి కాస్త విరామం. చదునైన చోటికి రాగానే జ్ఞాపకం తిరిగి వస్తుంది. వస్తే రానివ్వచ్చు, ఏడుపొస్తే ఏడవచ్చు, మళ్ళీ నడవచ్చు. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం కాలిఫోర్నియాలో 38 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టును చెట్లూ గడ్డీ ఉన్న దారిలో, ఇంకో జట్టును రద్దీ రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించింది. ప్రకృతిలో నడిచినవారిలో ఒకే చేదు ఆలోచన చుట్టూ తిరగడం తగ్గింది. దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గింది. ఆ 38 మంది ఆరోగ్యంగా ఉన్న నగరవాసులు, భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ళని ఎంచుకుని చేసిన పరీక్ష కాదది. కాబట్టి నడిస్తే శోకం నయమవుతుందని దాన్ని బట్టి చెప్పలేం. చెప్పగలిగింది ఒకటుంది. చేయకుండా వదిలేసిన పనిని, అనకుండా మిగిలిపోయిన మాటను, ఆస్పత్రిలో గడిచిన చివరి రాత్రిని తిరగేసుకుంటూ కూర్చోవడం ఈ దుఃఖంలో అతి పెద్ద నరకం. చెట్ల మధ్య నడక ఆ సుడిని కాస్త నెమ్మదింపజేస్తుందని నమ్మడానికి ఆధారం ఉంది. పెద్ద ఖర్చు లేని, జాగ్రత్తలతో చేస్తే హాని చేయని సాయానికి అంత ఆధారం చాలు.

అయితే ఒంటరిగానే ఎందుకు, నలుగురితో కలిసి నడవచ్చు కదా అని అడగవచ్చు. ఒంటరితనంతో నలిగిపోతున్న మనిషిని ఇంకా ఒంటరిగా వదలడమేమిటన్నది న్యాయమైన సందేహమే. దీనికి జవాబు మన ఇళ్ళలోనే ఉంది. మరణం జరిగిన ఇంట్లో మొదటి పదకొండు, పన్నెండు రోజులు పోయినవారి భార్యకో భర్తకో ఒక్క నిమిషం ఏకాంతం దొరకదు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్పాలి. పిల్లల ముందు తమాయించుకోవాలి, అత్తింటివాళ్ళ ముందు ఏడవాలి. ఏడిస్తే బెంగ పెట్టుకోవద్దంటారు, ఏడవకపోతే గుండె రాయి చేసుకుందంటారు. కర్మకాండ ముగియగానే అందరూ ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు, ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. ఈ రెండు స్థితుల్లోనూ దొరకనిది తాను కోరుకుని, తన చేతిలో ఉంచుకుని, తనకు చాలనిపించినప్పుడు ముగించగల ఏకాంతం. ట్రెక్కింగ్ బృందంలో అది ఉండదు. అక్కడ కుర్రాళ్ళ హుషారుకు తగ్గట్టు నవ్వాలి, ఫోటోలకు నిలబడాలి, మీవారు రాలేదా అనే ప్రశ్నకు సమాధానం వెతుక్కోవాలి. నలుగురితో కలిసి నడవడం వల్ల మేలు పొందేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళకు దారులున్నాయి. ఒంటరిగా నడిస్తేనే మనసు తేలికపడేవాళ్ళకు మాత్రం దారి లేదు. మన పెద్దలు కూడా చోటు మారితే దుఃఖం కదులుతుందని ఎరిగినవాళ్ళే. కర్మకాండ తర్వాత దగ్గరివాళ్ళని ఇంకొకరి ఇంటికో గుడికో తీసుకెళ్ళి నిద్ర చేయించే వాడుక అందుకే నిలిచింది. ఇప్పుడు అడుగుతున్నది ఆ వివేకానికి ఇంకో మెట్టు.

ఇతర దేశాల్లో ఈ మెట్టు ఎప్పుడో ఎక్కారు. జపాన్‌లోని షికోకు దీవిలో 88 ఆలయాలను కలుపుతూ దాదాపు 1,200 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పోయిన ఆత్మీయుల పేరిట తెల్లబట్టలు కట్టుకుని, చేతికర్రతో ఒంటరిగా ఆ దారి నడవడం అక్కడ పాత వాడుక. స్పెయిన్‌లో శాంతియాగో దే కాంపొస్టెలా చర్చికి నడిచేవాళ్ళు దారిలో మజిలీ మజిలీలో ఒక చిన్న పుస్తకంపై ముద్ర వేయించుకుంటారు. చివర ఇచ్చే ధ్రువపత్రాన్ని చనిపోయినవారి పేరు మీద తీసుకునే వీలు కూడా ఉంది. మనకూ వాళ్ళకూ ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. అక్కడి యాత్రాపథాలు దుఃఖంలో ఉన్నవారిని ఆహ్వానిస్తాయి, ఇక్కడి యాత్రాపథాలు ఏడాది ఆగమంటాయి. ఆగమనే ఆచారం మనది కాబట్టి, ఆ ఏడాదికి ప్రత్యామ్నాయం చూపించాల్సిన బాధ్యత కూడా మన సమాజానిదే. గుడి లేని అడవి బాట ఆ ప్రత్యామ్నాయం. కొండ గుడికి వెళ్ళకూడదన్న నియమం దైవదర్శనానికి సంబంధించింది, చెట్లకూ రాళ్ళకూ అది వర్తించదు. ఇంటి పెద్దల మనసు నొప్పించకుండా నడవగల చోటు మీ శాఖల చేతిలోనే ఉంది.

మీ అధికారుల నుంచి రాగల మొదటి అభ్యంతరం భద్రత. అడవిలో చిరుతలున్నాయి, ఎలుగులున్నాయి, దారి తప్పే ప్రమాదం ఉంది, మనుషుల వల్ల వచ్చే ప్రమాదం అంతకన్నా ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన సంగతి ఎవరూ మరిచిపోలేరు. ఆ తర్వాత పిల్లలు నడిచే వేళలకు హద్దు పెట్టారు, భక్తుల్ని గుంపులుగా వెళ్ళమన్నారు, చేతికర్రలిచ్చారు. దారిని మాత్రం శాశ్వతంగా మూసేయలేదు. ప్రమాదాన్ని గుర్తించి నడకను నిలబెట్టారు. గుంపు ఉంటే చాలు రక్షణ ఉన్నట్టేనని కూడా అనుకోలేం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు 20 మందికి పైగా బలయ్యారు. వాళ్ళు బృందంగా వెళ్ళినవాళ్ళే. ఎండాకాలపు అడవిలో ఎవరు ఏ దారిన వెళ్ళారో అటవీ సిబ్బందికి కచ్చితంగా తెలిసి ఉండటం, మంటల కాలంలో దారి మూసి ఉండటం అలాంటి చోట ప్రాణాలు కాపాడుతుంది. నేపాల్ 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడ్ లేకుండా చాలా దారుల్లో నడవకూడదని నిబంధన తెచ్చింది. ఎవరెస్టు ప్రాంతంలోని స్థానిక పాలకులే దాన్ని అమలుచేయబోమన్నారు. స్పెయిన్‌లో 2015లో ఒంటరిగా నడుస్తున్న ఒక యాత్రికురాలు హత్యకు గురైంది. అక్కడి ప్రభుత్వం ఒంటరి నడకను నిషేధించలేదు. గస్తీ పెంచింది, ఆపదలో పోలీసులకు కబురు చేరే మొబైల్ యాప్‌ను యాత్రికుల చేతికిచ్చింది. నిషేధం వల్ల ఎక్కువ నష్టపోయేది ఎప్పుడూ ఆడవాళ్ళే. మగవాడు గోడ దూకి వెళ్ళిపోతాడు, ఆడమనిషి ఇంట్లో ఉండిపోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. భాగస్వామిని పోగొట్టుకుని కుంగిపోయిన మనిషిని కొండ అంచుకు ఒంటరిగా పంపితే ఏమైనా చేసుకుంటే? ఈ భయం నిజమైనది, తోసిపుచ్చకూడనిది. శరీరానికి సంబంధించిన భయం కూడా ఉంది. 2012లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆత్మీయుల మరణవార్త విన్న మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకన్నా 21 రెట్లు పెరుగుతుంది, తర్వాత రోజుల్లో తగ్గుతూ వస్తుంది. కాబట్టి మొదటి వారాల్లో నిటారు కొండ ఎక్కమని ఎవరూ చెప్పకూడదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి, చదును దారితో మొదలుపెట్టాలి. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారికి ఒంటరి నడక సరైన మందు కాదు. వారికి మనిషి తోడు, వైద్యం కావాలి. ఈ జాగ్రత్తలన్నీ ఒక వ్యవస్థ ఉంటేనే సాధ్యం. ఇవాళ అలాంటి మనిషి చెరువు గట్టుకో రైలు పట్టాల వైపుకో వెళ్తే అడిగే నాథుడు లేడు. పద్ధతి ఉన్న బాటలో ప్రవేశం దగ్గర పలకరించే ఉద్యోగి ఉంటాడు, తిరిగొచ్చే వేళ దాటితే వెతికే మనుషులుంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత మానసిక సహాయ నంబరు 14416 బోర్డు మీద కనిపిస్తుంది. లోయ అంచులు లేని దారిని ఎంచుకోవడం కూడా మీ చేతిలో పనే.

మూడో అభ్యంతరం అడవి మీద ప్రేమ ఉన్నవాళ్ళ నుంచి వస్తుంది. ఎకో టూరిజం పేరుతో ఇప్పటికే ప్లాస్టిక్కూ మైకుల మోతా అడవుల్లోకి చేరాయి, ఇంకా జనాన్ని పంపడమెందుకంటారు. వారితో ఏకీభవిస్తాను. అందుకే పెద్దపులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాలను, శేషాచలం లోతట్టు బాటలను అడగడం లేదు. ఒక్కొక్కరుగా, మాట్లాడకుండా, చేతిలో నీళ్ళ సీసాతో వెళ్ళి అదే సీసాతో తిరిగొచ్చే మనిషి అడవికి అతి తక్కువ భారం. కర్ణాటక 2024లో కొండదారులకు రోజువారీ పరిమితి, ఆన్‌లైన్ బుకింగ్ తెచ్చింది. తమిళనాడు అదే ఏడాది 40 దారులను స్థానిక గిరిజన యువతను గైడ్లుగా పెట్టి తెరిచింది. ఇరుగు పొరుగు రాష్ట్రాలు అడవినీ నడకనూ కలిపి ఆలోచించడం మొదలుపెట్టాయి. మనకూ అనుభవం లేకపోలేదు. హైదరాబాద్ నడిబొడ్డున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంలో రోజూ ఎందరో ఒంటరిగా నడుస్తున్నారు. గేటుంది, వేళలున్నాయి, సిబ్బంది ఉన్నారు. శివరాత్రికి నల్లమలలో వేల మంది నడకకు ఏర్పాట్లు చేయగల శాఖ, మామూలు రోజున పది మంది నడకకు చేయలేదని అనుకోలేను.

ఇక కోరికలు స్పష్టంగా చెబుతాను. విశాఖపట్నం పక్కన కంబాలకొండ, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్, వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి చోట్ల, ఒక్కో రాష్ట్రంలో రెండు మూడు బాటలను మొదట ఎంచుకోండి. మూడు నాలుగు గంటల్లో వెళ్ళి రాగలిగే దూరం, చెట్లకూ రాళ్ళకూ రంగు గుర్తులు, దారంతటా ఫోన్ సిగ్నల్ ఉండాలి. రెండు కొసల్లోనూ రిజిస్టరు పెట్టండి. వెళ్ళేటప్పుడు టోకెన్ తీసుకుని వచ్చేటప్పుడు తిరిగి ఇవ్వాలి, సాయంత్రం ఒక వేళకల్లా టోకెన్లన్నీ రాకపోతే బీట్ సిబ్బంది బయల్దేరాలి. దారి మధ్యలో అక్కడక్కడా స్థానిక గిరిజనులను, అందులో ఆడవాళ్ళను వాచర్లుగా నియమించండి. నల్లమల బేస్ క్యాంపుల్లో చెంచులు చేస్తున్న కాపలా పని వారి అడవి పరిజ్ఞానానికి సాక్ష్యం. వాచర్లు నడిచేవారి వెంట రానక్కర్లేదు, కేకేస్తే వినబడేంత దూరంలో ఉంటే చాలు. ప్రవేశ దరఖాస్తులో భర్త పేరు, తోడు ఎవరు అనే గడులు పెట్టకుండా, ఆపదలో కబురు చెప్పాల్సినవారి ఫోన్ నంబరు మాత్రం అడగండి. మంటల కాలంలో, వాగులు పొంగే రోజుల్లో బాట మూసేయండి. గేటు దగ్గర ఉండే సిబ్బందికి దుఃఖంలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో ఒకటి రెండు రోజుల శిక్షణ ఇప్పించండి.

ఈ బాటలకు వితంతువుల బాట అనో, ఓదార్పు బాట అనో పేరు పెట్టవద్దని ప్రత్యేకంగా మనవి. దుఃఖంలో ఉన్న మనిషికి తన దుఃఖం ప్రకటించుకోకుండా నడిచే హక్కు ఉండాలి. పరీక్ష తప్పిన విద్యార్థీ, రిటైరైన టీచరూ, పక్షుల్ని చూడటానికి వచ్చినవాళ్ళూ అదే గేటు గుండా వెళ్ళాలి. వారి మధ్య ఇటీవలే భర్తను పోగొట్టుకున్న ఆమె కూడా నడవడానికి వచ్చిన ఒక మామూలు మనిషిగా కనిపించాలి. శుభకార్యాల్లో ఎదురు రావద్దని, బొట్టు పెట్టుకోవద్దని ఆమెకు చెప్పే సమాజంలో ఒక ప్రభుత్వ గేటు ఆమెను ఏమీ అడగకుండా లోపలికి పంపడం కూడా సంస్కరణే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన నేల ఇది. 2022లో మహారాష్ట్రలోని హేర్వాడ్ గ్రామ పంచాయతీ భర్త పోయిన స్త్రీలను అవమానించే ఆచారాలను నిషేధిస్తూ తీర్మానం చేసింది. ఒక గ్రామం చేసినంత పని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలవు. కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. అటవీ బాటల ప్రవేశ నిబంధనలపై ఒక ఉత్తర్వు, కొన్ని రిజిస్టర్లు, కొంతమంది వాచర్లు చాలు. రాబోయే కార్తీకానికల్లా, వానలు తగ్గి మంటల కాలం ఇంకా రాని ఆ నెలల్లో, ఒక్కో రాష్ట్రంలో ఒక్క బాటనైనా ఈ పద్ధతిలో తెరిచి, ఏడాది తర్వాత ఎంతమంది నడిచారో, ఏమేం ఇబ్బందులొచ్చాయో ప్రజల ముందు పెట్టండి. లెక్కలు చూసి మిగతా బాటల సంగతి అందరం కలిసి మాట్లాడుకుందాం.

నమస్కారాలతో,
ఈ రెండు రాష్ట్రాల కొండబాటల మేలు కోరే ఒక పౌరుడు